తాళాలు చేతికొచ్చాక: డాలస్ వైపు తొలి ఇల్లు కొన్న జంటకు

ఇల్లు కొనేదాకా సలహాలకు కొదవ ఉండదు. ఏజెంటు చెబుతాడు, లోన్ ఆఫీసరు చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయన కూడా చెబుతాడు. సంతకాలై తాళాలు చేతికొచ్చాక ఒక్కరూ కనపడరు. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు కొత్త ఇల్లు కొన్న జంటలకు అసలు సందేహాలు అప్పుడే మొదలవుతాయి. అందరినీ బెంబేలెత్తించేది ఒకటుంది: మొదటి ఏడాది సాఫీగా కట్టిన కిస్తీ ఆ తర్వాత నెలకు వెయ్యి డాలర్లకు పైగా ఎందుకు పెరిగింది? దాన్ని లెక్కతో సహా చూద్దాం. ముందు గృహప్రవేశం సంగతి.

హైదరాబాద్ పంచాంగంలో ముహూర్తం చూసి గంటలు తీసేస్తే సరిపోదు. లగ్నం ఊరిని బట్టి మారుతుంది కాబట్టి డాలస్‌కు గణించినదే చూడమని పంతులుగారిని అడగండి. సంతకాలు పెట్టినా లోన్ డబ్బు జమయ్యేదాకా తాళాలివ్వరు, క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే ఆఖరి లాంఛనం) ఒకటి రెండు రోజులు వెనక్కి జరగడం మామూలే. అందుకే ఆ తేదీకీ ముహూర్తానికీ మధ్య కనీసం వారం ఎడం పెట్టుకోండి. మంచి రోజు ముందే దాటిపోయేలా ఉంటే పాలు పొంగించి, వ్రతం తర్వాత చేసుకోవచ్చు.

కొత్త ఇళ్లలో పొగ అలారాలన్నీ ఒకదానితో ఒకటి కలిపి ఉంటాయి, ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. హోమం గరాజ్‌లో తలుపు పూర్తిగా ఎత్తి చేసుకోవడం మేలు. ఇంట్లోనే చేయాలంటే థర్మోస్టాట్ దగ్గర ఫ్యాన్ కూడా ఆపేయండి, లేకపోతే ఏసీ ఆ పొగను పడగ్గదులదాకా లాక్కెళుతుంది. హోమగుండం కింద ఇటుకలు, వాటిమీద ఇసుక ట్రే ఉండాలి. వినైల్ ఫ్లోరింగ్ ఆ వేడికి ఉబ్బిపోతుంది. అలారానికి మానిటరింగ్ కంపెనీ ఉంటే ముందుగా ఫోన్ చేసి టెస్ట్ మోడ్‌లో పెట్టించండి, లేదంటే పూర్ణాహుతి వేళకు ఫైరింజన్ వచ్చి వాకిట్లో నిలబడుతుంది. పాల దగ్గర ఇంకో మెలిక. ఇండక్షన్ పొయ్యి మీద ఇత్తడి, వెండి గిన్నెలు వేడెక్కవు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె కావాలి. గ్యాస్ పొయ్యి అయితే చిన్న గిన్నెలో కొద్దిగా పాలు చాలు. పొంగు బర్నర్‌లోకి కారితే ఇగ్నైటర్ తడిసి టకటకమంటూనే ఉంటుంది.

ఇల్లు మారిన 10 రోజుల్లోపు ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 ఆన్‌లైన్‌లో నింపాలి. హెచ్-1బి వ్యక్తి ఒక్కరే కాదు, హెచ్-4లో ఉన్న భార్యకో భర్తకో, పిల్లలకో కూడా ఎవరిది వారికే. ఇంటి నుంచి పనిచేసేవారు కంపెనీ ఇమిగ్రేషన్ విభాగానికి ముందే చెప్పాలి. అదే మెట్రో ప్రాంతంలో మారితే కొత్త చిరునామాలో ఎల్‌సీఏ (హెచ్-1బి కోసం కంపెనీ కార్మిక శాఖకు ఇచ్చే పత్రం) నోటీసు పెడితే సరిపోతుంది. ఆస్టిన్ నుంచి డాలస్‌కు మారితే సవరించిన పిటిషన్ వేయాలి, అదీ మారకముందే. డ్రైవింగ్ లైసెన్సు మీద కొత్త చిరునామా కూడా వెంటనే మార్చండి. ఎందుకో కింద ఆస్తిపన్ను మినహాయింపు దగ్గర తెలుస్తుంది.

టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటు చాలావరకు ఆస్తిపన్నులో తేలుతుంది. జనవరి 1న ఇల్లు ఏ స్థితిలో ఉందో ఆ ఏడాది పన్ను దాని మీదే. మీరు జూన్‌లో కొన్న ఇల్లు ఆ జనవరి 1కి ఖాళీ స్థలమై ఉంటే మొదటి బిల్లు స్థలానికే వస్తుంది. ఇల్లు 5,00,000 డాలర్లు, స్థలం విలువ 1,00,000, అన్ని పన్నులూ కలిపి 2.2 శాతం అనుకోండి. మొదటి ఏడాది బిల్లు 2,200, అంటే నెలకు 183. రెండో ఏడాది పూర్తి ఇంటిమీద 11,000. సొంతదారు నివసించే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు వల్ల 1,540 తగ్గినా 9,460 మిగులుతుంది. లోన్ కంపెనీ ఎస్క్రోలో (పన్ను, ఇన్సూరెన్స్ కట్టడానికి కిస్తీతోపాటు వసూలు చేసి ఉంచే ఖాతా) నెలకు 183 లెక్కనే పట్టుకుంటూ వస్తే బిల్లు కట్టేనాటికి 7,260 తక్కువ పడుతుంది. ఆ లోటును తర్వాతి 12 నెలలకు పంచితే నెలకు 605, కొత్త పన్ను నెలకు 788, మొత్తం 1,393. అంటే కిస్తీ ఒక్కసారిగా 1,210 పెరిగినట్టు. వడ్డీ మారలేదు, ఎవరూ మోసం చేయలేదు.

ఇందులో తీపి ఉచ్చు కూడా ఒకటుంది. కొందరు లెండర్లు మొదటినుంచీ పూర్తి ఇంటి లెక్కనే వసూలు చేస్తారు. ఏడాది తిరిగేసరికి లెక్కచూసి, మిగిలింది కదా అని చెక్కు పంపుతారు, నియమం ప్రకారం పంపాలి కూడా. ఆ చెక్కుతో సోఫా కొనేస్తే మరుసటేడు లోటు మీ నెత్తినే. దాన్ని వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి ఉంచండి. చెక్కు రాకపోయినా మొదటి నెల నుంచే, మా లెక్కలో అయితే సుమారు 600 డాలర్లు, పక్కన పెడుతూ ఉంటే రెండో బిల్లుకు తట్టుకుంటారు.

హోమ్‌స్టెడ్ మినహాయింపుకు ఫారం 50-114 కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో ఉచితంగా ఇవ్వొచ్చు, గడువు ఏప్రిల్ 30. లైసెన్సు మీది చిరునామా ఇంటి చిరునామాతో సరిపోలాలి, ఎక్కువ దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. 2025 నుంచి స్కూలు పన్నులో 1,40,000 డాలర్ల విలువకు మినహాయింపు ఉంది. పై లెక్కలోని 1,540 స్కూలు రేటు 1.1 శాతం అనుకుని వేసినది. దీనితోపాటు పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా పరిమితి వస్తుంది. అయితే అది మినహాయింపు వచ్చిన మరుసటేడు నుంచే, పైగా కొత్త కట్టడానికి వర్తించదు. స్థలం నుంచి ఇంటికి పడే గెంతును అది ఆపలేదు. శివార్లలో మడ్ (నీళ్లు, డ్రైనేజీ ఏర్పాట్లకు), పిడ్ (కాలనీ సదుపాయాలకు) అని అదనపు వసూళ్లుంటాయి. పిడ్ మొత్తానికి హోమ్‌స్టెడ్‌తో సంబంధం లేదు.

ఏప్రిల్‌లో విలువ నోటీసు వస్తుంది. అభ్యంతరం మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే అది. టెక్సాస్‌లో అమ్మకం ధర బహిరంగ రికార్డు కాదు. మీరు కొన్నది వాళ్లు వేసిన విలువకన్నా తక్కువైతే క్లోజింగ్ స్టేట్‌మెంట్ చూపించండి, ఎక్కువైతే ధర ఎంతని అడిగే ప్రశ్నపత్రాలకు బదులివ్వక్కర్లేదు.

ఈ మధ్యలో పోస్టు డబ్బా నిండిపోతుంది. డీడ్ నకలు ఇప్పిస్తాం, హోమ్‌స్టెడ్ నింపిపెడతాం, 90 డాలర్లు పంపండి అనే ఉత్తరాలు ప్రభుత్వ కాగితాల్లాగే ఉంటాయి, చించేయండి. లోన్ మరో కంపెనీకి మారిందన్న ఉత్తరం మాత్రం నిజమైనదే కావచ్చు. పాత కంపెనీ నుంచి కూడా అదే కబురు వచ్చాకే కొత్త ఖాతాకు కట్టండి. మారిన 60 రోజుల్లో పొరపాటున పాతవాళ్లకు గడువులోగా కట్టినా ఆలస్య రుసుము వేయకూడదు.

ఇక ఇల్లు. ఇక్కడి బంకమట్టి ఎండితే కుంచించుకుపోతుంది, తడిస్తే ఉబ్బుతుంది, దానితోపాటు పునాది కదులుతుంది. వేసవిలో గోడకు అడుగున్నర దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్లు చెమర్చే పైపు) పరిచి నేలను సమంగా తడిపి ఉంచాలి. నీళ్లు పునాదికి ఆనుకుని నిలవకూడదు. ఏసీ ఫిల్టర్ సన్నదైతే పోపులు, వేపుళ్లు పెట్టే ఇంట్లో నెలకొకసారి మార్చాల్సిందే. కిటికీ పైనున్న పైపులోంచి నీళ్లు కారుతుంటే అటకమీది ఏసీ ముఖ్య డ్రెయిన్ మూసుకుపోయిందని అర్థం, ఆ రోజే ఎవరినైనా పిలవండి, ఆగితే సీలింగ్ తడుస్తుంది. సింక్ కింది డిస్పోజల్‌లో కరివేపాకు రెబ్బలు, ములక్కాడ పిప్పి, మిగిలిన అన్నం, గడ్డకట్టిన దోసెల పిండి వేయకండి. పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది, పిండి పైపులో బంకలా అతుక్కుంటుంది. మెయిన్ వాటర్ వాల్వ్ ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. 2021 ఫిబ్రవరి చలికి పైపులు పగిలినప్పుడు అది తెలిసిన ఇళ్లలో నష్టం గదితో ఆగింది.

వడగళ్లకు ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ శాతంలో ఉంటుంది. ఇంటి కవరేజీ 5,00,000, డిడక్టిబుల్ 2 శాతం అయితే రూఫ్‌కు మొదటి 10,000 మీదే. ఆ డబ్బు మేం మాఫీ చేస్తామంటూ తలుపుకొట్టే రూఫింగ్‌వాళ్లను లోపలికి రానివ్వకండి, టెక్సాస్‌లో అది చట్టవిరుద్ధం. బిల్డర్ వారంటీ సాధారణంగా పనితనానికి ఏడాది, ప్లంబింగ్, కరెంటు, ఏసీలకు రెండేళ్లు, కట్టడానికి పదేళ్లు. అందుకే 11వ నెలలో బయటి ఇన్‌స్పెక్టర్‌ను పెట్టి చూపించి, ఆ రిపోర్టును బిల్డర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు.

ఇద్దరి పేర్ల విషయంలో పొరపాటు చాలామంది చేస్తారు. లోన్ ఒక్కరి జీతం మీద వచ్చినా టెక్సాస్‌లో రెండోవారిచేత డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటిని లోన్‌కు తాకట్టు పెట్టే పత్రం) మీద సంతకం పెట్టిస్తారు. ఆ సంతకాన్ని చూసి పేరు ఎక్కిందనుకోకండి, కౌంటీ క్లర్క్ దగ్గర యాజమాన్య పత్రమైన వారంటీ డీడ్ తీసి చదవండి. రెండు పేర్లూ ఉన్నా, ఒకరు పోతే ఇల్లు దానంతటదే రెండోవారి పేరు మీదికి మారదు. దానికి సర్వైవర్‌షిప్ ఒప్పందం వేరుగా రాసి రికార్డు చేయించాలి. పాప పుట్టిన ఏడాదే వీలునామా రాసి, అందులో గార్డియన్ పేరు పెట్టండి. ఇండియాలోని తాతయ్య, అమ్మమ్మలకు ఆ పూటకు వీసా దొరకదు కాబట్టి ఈ ఊళ్లోనే ఉండే ఒకరి పేరు తాత్కాలికంగానైనా ఉండాలి. ఇంటికోసం అమ్మానాన్నలు ఏడాదిలో 1,00,000 డాలర్లకు మించి బహుమతిగా పంపి ఉంటే మరుసటి ఏప్రిల్‌లో ఐఆర్ఎస్‌కు (ఫెడరల్ పన్ను శాఖ) ఫారం 3520 వేయాలి. పన్ను పడదు, కానీ వేయకపోతే జరిమానా నెలకు 5 శాతం, 25 శాతం దాకా.

హెచ్-1బిలో ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అన్నిటికీ కలిపి ఆరు నెలల కిస్తీలు చేతిలో ఉండేదాకా అదనపు ప్రిన్సిపల్ కట్టడం ఆపండి. వడ్డీ డబ్బు మిగల్చాలన్న ఆరాటం మంచిదే, కానీ ఇంట్లోకి వెళ్లిన డబ్బు అవసరానికి తిరిగి రాదు. తిరిగి వెళ్లాల్సి వస్తే అద్దెకివ్వాలా, అమ్మాలా? అద్దెకంటే ముందు హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు చదవండి, ఇన్సూరెన్స్ మార్చండి, హోమ్‌స్టెడ్ రద్దవుతుందని గుర్తుంచుకోండి. అమ్మితే, ముందరి ఐదేళ్లలో రెండేళ్లు ఇల్లు సొంతమై, అందులోనే నివసించి, రిటర్న్ కలిపి వేసే భార్యాభర్తలకు 5,00,000 డాలర్ల లాభందాకా ఫెడరల్ పన్ను లేదు. అమెరికా పన్ను నివాసి హోదా పోయాక అమ్మితే కొనేవారు ధరలో 15 శాతం దాకా ఐఆర్ఎస్‌కు పట్టి ఉంచుతారు, అది రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకోవాలి. పాటియో కవర్, ఫెన్స్ వంటివి కట్టించినప్పుడు రసీదులు దాచండి. లాభం లెక్కలో వాటి ఖర్చు ఇంటి కొనుగోలు ధరకు కలుస్తుంది.