బూగీ-వూగీ: కుడిచెయ్యి కలపగానే ఎడమచెయ్యి తడబడుతుంటే

ఎడమచెయ్యి ఒక్కటీ అయితే బాగానే నడుస్తోంది, కుడిచెయ్యి కలపగానే తాళం తప్పుతోంది అన్నారు కదండీ. బూగీ-వూగీ అనే ఈ బ్లూస్ పియానో శైలిలో ఎడమచెయ్యి పాటకు తోడు కాదు, అదే డ్రమ్ము, అదే బేస్. అమెరికాలో టెక్సాస్ కలప క్యాంపుల సారా కొట్లలో నల్లజాతి పియానిస్టులు ఒక్క పియానోతోనే జనం చేత డ్యాన్సు చేయించాల్సి వచ్చేది. ఆ అవసరంలోంచే ఈ వాయింపు పుట్టింది.

కాబట్టి ముందు సి, ఇ, జి, ఏ, బి ఫ్లాట్, ఏ, జి, ఇ: బారుకు (అంటే నాలుగు దెబ్బల కొలతకు) ఈ ఎనిమిది స్వరాలూ మాట్లాడుతూ కూడా వాయించగలిగేదాకా తిప్పండి. మణికట్టు బిగిస్తే రెండు నిమిషాల్లో చెయ్యి పీకేస్తుంది. స్వరాలను సాగదీసే సస్టెయిన్ పెడల్ మీంచి కాలు తీసేయండి, లేకపోతే అన్నీ కలిసిపోయి అంతా బురదే.

తర్వాత కుడిచేత్తో బారు మొదట్లో ఒక్క కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి), అంతే. అది కుదిరాక దాన్నే రెండో దెబ్బకీ మూడో దెబ్బకీ మధ్యకు జరపండి. అసలు చిక్కు అక్కడే, మెల్లగా వెళ్ళండి. పన్నెండు బార్ల వరస మామూలే: సి కార్డ్ మీద నాలుగు బార్లు, ఎఫ్ మీద రెండు, సి రెండు, జి ఒకటి, ఎఫ్ ఒకటి, మళ్ళీ సి రెండు.

ఈ శైలి పియానిస్టు పైన్‌టాప్ స్మిత్ 1928 రికార్డింగ్ ‘పైన్‌టాప్స్ బూగీ వూగీ’ వినండి. నాకైతే మరో పియానిస్టు మీడ్ లక్స్ లూయిస్ రైలు పాటే (‘హాంకీ టాంక్ ట్రెయిన్ బ్లూస్’) ఎక్కువ ఇష్టం, కానీ దాంతో మాత్రం మొదలెట్టకండి.