ఓపెన్ సి ట్యూనింగ్‌లో లావు తీగ గరగరమంటే తప్పు గిటార్‌దేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గిటార్‌ను ఓపెన్ సికి, అంటే లావు తీగ నుంచి వరుసగా సి–జి–సి–జి–సి–ఈ (C–G–C–G–C–E) స్వరాలకు మార్చారు. ఖాళీ తీగలు మీటితే నిండుగా మోగుతోంది. కానీ ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుది, గరగరలాడుతోంది, దాన్ని ఎక్కడ నొక్కినా శ్రుతి తప్పినట్టుంది. గిటార్‌లో లోపం ఉందా అని అడిగారు. చాలావరకు ఉండదు. నేనూ రెండు వారాలు గిటార్‌నే అనుమానించాను. చివరికి తేలింది ఏమిటంటే, ఆ తీగను నేను ఇంకా మామూలు ట్యూనింగ్‌లోని ‘ఈ’ (E) తీగలాగే వాయిస్తున్నాను.

ముందు ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఎడమచేతిని పూర్తిగా తీసేయండి. ఆరో తీగను బొటనవేలితో ఒక్కసారి మీటి, రెండు క్షణాల తర్వాత ఆ తీగను మాత్రమే ఆపేయండి. మీరు తాకని తీగలు సన్నగా మోగుతూనే ఉంటాయి. కారణం ఈ శ్రుతి అమరికలోనే ఉంది. సిని షడ్జంగా పెట్టుకుంటే ఆరు తీగలు వరుసగా స, ప, స, ప, స, గ. ఇందులో ఐదో తీగను పక్కన పెట్టి చూస్తే, ఆరు, నాలుగు, మూడు, రెండు, ఒకటి అన్నవి ఆ లావు తీగ పౌనఃపున్యానికి వరుసగా 1, 2, 3, 4, 5 రెట్లు. 65.4 హెర్ట్జ్ తీగలో పుట్టే హార్మోనిక్‌లే (మూల స్వరంతో పాటు దానికి 2, 3, 4 రెట్లుగా పలికే సన్న స్వరాలే) మిగతా తీగలుగా ఎదురుగా ఉన్నాయన్న మాట. ఇది తెలిసిన రోజు నుంచి నేను ట్యూనర్‌ను (శ్రుతి చూపే పరికరాన్ని) ఆరో తీగకు మాత్రమే వాడుతున్నాను. దాని పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) హార్మోనిక్‌తో, అంటే అక్కడ నొక్కకుండా వేలు ఆనించి మీటితే పలికే స్వరంతో, నాలుగో తీగను, ఏడో ఫ్రెట్ దానితో మూడో తీగను, ఐదో ఫ్రెట్ దానితో రెండో తీగను కలుపుతాను. ఐదో తీగ పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మూడో తీగతో కలిస్తే చాలు.

చిక్కంతా మొదటి తీగ దగ్గరే. ఆరో తీగ నాలుగో ఫ్రెట్‌కు ఒక పిసరు నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) వైపు వేలు ఆనించి మీటితే సన్నగా ఒక గాంధారం పలుకుతుంది. అది 327 హెర్ట్జ్. ట్యూనర్ మొదటి తీగకు ఒప్పుకునే ‘ఈ’ (E) స్వరం 329.6. రెండూ కలిపి మోగిస్తే సెకనుకు రెండున్నర సార్లకు పైగా స్వరం ఊగుతుంది. మామూలు ట్యూనింగ్‌లో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ కింద అంత పెద్ద షడ్జం నిలకడగా మోగుతుంటే చెవికి ముల్లులా తగులుతుంది. మొదటి తీగను కొద్దిగా, అంటే అరస్వరంలో ఏడో వంతు దించితే ఊగడం ఆగి, గాంధారం లావు తీగలో కరిగిపోతుంది. అలా దించాక మొదటి తీగ మీద నొక్కిన స్వరాలన్నీ ఆ మేరకు తగ్గుతాయి కాబట్టి, ఆ తీగ మీద ఎక్కువగా పాట నడిపేటప్పుడు నేను సగమే దించుతాను.

ఇక గరగర. తీగ బిగువు పౌనఃపున్యం వర్గాన్ని బట్టి మారుతుంది. 82.4 నుంచి 65.4కు దించితే అదే తీగలో మిగిలేది 63 శాతం బిగువే. వదులుగా ఉన్న తీగ ఎక్కువ వెడల్పున ఊగి ఫ్రెట్‌లకు తగులుతుంది. నొక్కినప్పుడు మామూలుకంటే ఎక్కువ హెచ్చుతుంది కూడా. మీకు శ్రుతి తప్పినట్టు వినిపిస్తున్నది అదే. నేను 12–53 సెట్‌లో (ఈ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఆరో తీగ తీసేసి 59 వేశాను. సగం బాధ అక్కడే పోయింది, కొత్త బాధ ఒకటి వచ్చింది. నట్ గాడిలో తీగ ఇరుక్కుని, కీ తిప్పుతున్నంతసేపు కదలకుండా, ఉన్నట్టుండి టిక్కుమని జారి శ్రుతిని దాటిపోయేది. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే కొంత నయమైంది. ఆకురాయితో గాడిని వెడల్పు చేయవచ్చు గానీ, తర్వాత పాత తీగ వేసుకుంటే అందులో వదులుగా ఆడుతుంది. ఈ ట్యూనింగ్‌లోనే ఉండిపోతారో లేదో తెలియనప్పుడు 56తో సరిపెట్టుకోవడం మంచిది.

రెండో తీగ మాత్రం బి నుంచి సికి అరస్వరం పైకి వెళుతుంది, మరిచిపోకండి. అన్నీ వదులు చేస్తున్నాను కదా అన్న ధీమాతో తుప్పు పట్టిన తీగను లాగి నేను తెంపుకున్నాను. ముఖం పక్కకు తిప్పుకుని బిగించండి. లావు తీగలు దించగానే మెడ మీద భారం తగ్గి సన్న తీగలు కాస్త హెచ్చుతాయి కాబట్టి, ఒక చుట్టు అయ్యాక రెండో చుట్టు తప్పదు.

వాయించడం సంగతికి వస్తే, ఆరో తీగను నొక్కడం దాదాపు మానేయండి. దాన్ని తంబురాలా మోగనివ్వండి. గోటితో కాకుండా బొటనవేలి కండతో, మెడకు దగ్గరగా మీటండి. గట్టిగా కొడితే మొదటి క్షణంలో స్వరం హెచ్చి తర్వాత దిగుతుంది. ట్యూనర్ ముల్లు చూస్తూ కొడితే మీకే కనిపిస్తుంది. వేలు అడ్డంగా పరిచి ఐదో ఫ్రెట్‌లో ఎఫ్, ఏడులో జి పట్టడం అందరూ మొదటి రోజే కనిపెడతారు, నాలుగో రోజుకు విసుగొస్తుంది. దానికంటే ఐదో తీగ, మూడో తీగ రెండో ఫ్రెట్‌లో నొక్కి, ఆరోది వదిలి మిగతావి మీటండి: ఎ మైనర్. అదే పట్టులో మొదటి తీగ మొదటి ఫ్రెట్ కలిపి ఆరో తీగను కూడా మోగనిస్తే ఎఫ్. రెండో తీగ, మొదటి తీగ మూడో ఫ్రెట్‌లో నొక్కితే సి మైనర్, మిగతా నాలుగు తీగలు ఖాళీగానే. ఈ మూడు పట్లతో నాకు నెల రోజులు గడిచిపోయాయి.

ఇదే ట్యూనింగ్‌ను మెటల్ సంగీతకారుడు డెవిన్ టౌన్‌సెండ్ ఎలక్ట్రిక్ గిటార్ మీద పెద్ద హోరుగా వాడతాడు, ఆస్ట్రేలియా గిటారిస్ట్ జాన్ బట్లర్ అకూస్టిక్ మీద వేళ్లతో మీటి వాయిస్తాడు. ఇద్దరినీ ఒకసారి వినండి.

తీగ మార్చి, మెల్లగా మీటినా గరగర పోకపోతే అప్పుడు మెడ వంపు చూడాలి. బిగువు తగ్గి మెడ మరీ తిన్నగా అయిపోయి ఉండవచ్చు. ట్రస్ రాడ్‌ను (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీని) పావు చుట్టుకు మించకుండా వదులు చేసి, ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. ఇప్పుడు ఏ గేజ్ (మందం) తీగలున్నాయో, గరగర ఖాళీ తీగలోనా లేక నొక్కినప్పుడు మాత్రమేనా అన్నది రాస్తే ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.