రాత్రి డ్యూటీల మధ్య ప్రార్థన: మేనకోడలికి ఒక లేఖ

అమ్మాయికి, ప్రభువు నామంలో అత్త దీవెనలు.

రాత్రి డ్యూటీలు మొదలయ్యాక ప్రార్థన సాగడం లేదనీ, దేవుడు దూరమైనట్టుందనీ రాశావు. బాధపడుతున్నావంటేనే ఆ బంధం బతికి ఉందన్నమాట. బొత్తిగా దూరమైనవాళ్లకు ఆ బెంగే ఉండదు.

ముందు వేకువ ప్రార్థన తప్పిపోతోందన్న దిగులు వదిలెయ్యి. యేసుప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించాడని మార్కు మొదటి అధ్యాయంలో ఉంది, నిజమే. కానీ నువ్వు తెల్లవారి హైటెక్ సిటీ నుంచి క్యాబ్‌లో దిల్‌సుఖ్‌నగర్ చేరి, కళ్లు మూతలు పడుతుంటే మోకరిస్తే వచ్చేది నిద్రే. హాయిగా పడుకో. లేచాక ఫోను ముట్టుకోకముందే పావుగంట ఆయనకివ్వు. మధ్యాహ్నం మూడైనా సరే, నీకు అదే వేకువ.

వాక్యం కొద్దికొద్దిగా చదువు. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయని జడుసుకోకు. మన బైబిల్లో ఆలెఫ్, బేత్ అంటూ హీబ్రూ అక్షరాల పేర్లతో ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంటుంది. రోజుకొక భాగం చాలు. అందులో మనసుకు తగిలిన మాటను చీటీ మీద రాసి ఐడీ కార్డు వెనక పెట్టుకో. అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు, ఆ తోపులాటలోనే మననం చేసుకోవచ్చు.

పనిలో ఉండగా, బైబిల్లో రాజుకు గిన్నె అందించే ఉద్యోగం చేసిన నెహెమ్యాను గుర్తు చేసుకో. ఏమి కావాలని రాజు అడిగాడు. జవాబు చెప్పేలోపే నెహెమ్యా దేవునికి ప్రార్థించాడు. ఎంతసేపు పట్టి ఉంటుంది? రాజు ముందు నిలబడ్డ మనిషి కళ్లు మూసుకుని ఉండడు, పెదవులు కదిపి ఉండడు. కస్టమర్ కేకలేస్తున్నప్పుడు నువ్వు మ్యూట్ నొక్కి ఊపిరి తీసుకుంటావే, ఆ క్షణం చాలు: ‘ప్రభువా, నా నోటికి కావలి ఉంచు.’

మనసు ఎండిపోయిన రోజున 88వ కీర్తన తియ్యి. ‘రక్షణకర్తవైన దేవా’ అని మొదలై చీకటి మాటతోనే ముగుస్తుంది. చివర ఒక్క ఊరట మాట లేదు. అయినా దేవుడు దాన్ని తన గ్రంథంలో ఉంచాడు! కాబట్టి మంచి మాటలు పేర్చి మొక్కుబడిగా ప్రార్థించకు. అలసిపోయానని, కోపంగా ఉందని ఉన్నదున్నట్టు చెప్పుకో.

ఫోనులో ప్రసంగాలు వినడం మంచిదే గాని దానితో సరిపెట్టుకోకు. గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను ప్రార్థనా మందిరాన్ని చూడు. దాన్ని మొదలుపెట్టిన సువార్తికుడు భక్తసింగ్ గారి కాలం నుంచీ అక్కడ ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని ప్రేమ విందు చేసుకుంటారు. పక్కన కూర్చున్న పెద్దావిడ ‘ఏమ్మా, చిక్కిపోయావే’ అని అడగడం ఏ ఫోనులో దొరుకుతుంది? నీ సంఘంలోనూ ఆరాధన అయిపోగానే పరుగెత్తకు. కాసేపు ఆగు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో అక్క మాటే లేదు. ఇల్లు అమ్మిన దగ్గర నుంచి మీకు మాటల్లేవని మీ నాన్న చెప్పాడు. సహోదరునికి నీ మీద విరోధమేమైనా ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పాడు, మత్తయి 5లో. నీ ప్రార్థన ఎండిపోవడానికి రాత్రి డ్యూటీల కంటే ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. ఈ సెలవు రోజునే అక్కకు ఫోను చెయ్యి. ఇంటి ఊసు ఎత్తకు, పిల్లల చదువు గురించి అడుగు. ముభావంగా మాట్లాడినా నొచ్చుకోకు, మళ్లీ వారం మళ్లీ చెయ్యి. ఏమైందో నాకు రాయి. మీ ఇద్దరి పేర్లూ నా ప్రార్థనలో ఉన్నాయి.