పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే తెలుగు డీటీపీ పని జరుగుతుందా?

కావలిలో డీటీపీ షాపు, నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేస్తే యాపిల్ కీబోర్డులో (అంటే యాపిల్ అనే తెలుగు కీల వరసలో) తెలుగు కొట్టొచ్చా, స్క్రీన్‌ని పాత విండోస్‌లా పెట్టుకోవచ్చా అని గదా మీరడిగింది. రెండూ అవుతాయి. నెల్లూరులో మా షాపులో అర్జీలు, కరపత్రాలు లినక్స్ మీదే కొడుతున్నాం. కాకపోతే థీములు, వాల్‌పేపర్లతో మొదలుపెట్టబాకండి, ముందు తెలుగు సంగతి తేల్చుకోండి.

మీ మెషీన్‌కి లినక్స్ మింట్‌ అనే రకంలో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ చాలు. పెన్ డ్రైవ్ నుంచి లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి వైఫై, టచ్‌ప్యాడ్, ముఖ్యంగా ప్రింటర్ చూసుకోండి, ఎందుకంటే షాపుల్లో ఉండే పాత లేజర్ ప్రింటర్లలో కొన్నింటికి డ్రైవర్ దొరకడం కష్టం, అన్నీ తుడిచేశాక తెలిస్తే ఏం లాభం. ఇంకా హార్డ్ డిస్కే ఉంటే తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. లినక్స్ మారిస్తే వచ్చే వేగం కంటే దాంతో వచ్చేదే ఎక్కువ.

టైపింగ్‌కి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) అని వెతికి వేసుకుని, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి రండి. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులన్నీ ఉంటాయి. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిష్‌కీ తెలుగుకీ మారుతుంది. మీ చేతికి అలవాటైన వొత్తులన్నీ పడుతున్నాయో లేదో ఒక పేజీ కొట్టి చూసుకోండి. మండలి, రామరాజా, పొన్నాల లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. హోమ్ ఫోల్డర్లో కంట్రోల్, హెచ్ నొక్కితే దాచిన ఫోల్డర్లు కనపడతాయి, డాట్ లోకల్‌లో షేర్, అందులో ఫాంట్స్, లేకపోతే మీరే ఆ పేరుతో ఫోల్డర్ చేసి వాటిని అక్కడ వేయండి.

చాలామంది ఇరుక్కునేది ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రే ఆఫీస్ దగ్గర. డిఫాల్ట్ ఫాంట్ మార్చినా తెలుగు అక్షరాలు మాత్రం మారవు, ఫాంటే పాడైందని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. లిబ్రే ఆఫీస్ ఇంగ్లిష్ లాంటి లాటిన్ లిపికి ఒక ఫాంటు, మనలాంటి లిపులకు వేరే ఫాంటు పెట్టుకుంటుంది. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) అన్న దానికి టిక్ పెట్టి, భాష తెలుగు ఎంచుకుని, రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్‌లో మీ ఫాంట్ ఇస్తే సరి.

అను ఫాంట్లలో కొట్టిన మీ పాత ఫైళ్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతి) కావు, వాటిని కన్వర్టర్‌లో మార్చుకోవాలి, లేదా ఆ పనికి ఒక విండోస్ మెషీన్ పక్కన ఉంచుకోవాలి. పేజ్‌మేకర్, ఫోటోషాప్ అయితే వదులుకోవాల్సిందే. వాటి బదులు పేజీలకు స్క్రైబస్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఫోటోలకు జింప్ ఉన్నాయి గానీ చేయి తిరగడానికి టైమ్ పడుతుంది, పెళ్లిళ్ల సీజన్లో మాత్రం మారొద్దు.

ఇక అందం సంగతి. ప్యానెల్, మెనూ ఇప్పటికే విండోస్ మాదిరే కిందే ఉంటాయి, అపియరెన్స్‌లో థీమ్, ఐకాన్లు మార్చుకోండి. మెషీన్ నత్తనడక నడుస్తుంటే విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ ఆపేయండి, నీడలు, పారదర్శకత పోతాయి, అర్జీలు కొట్టేవాళ్లకు అవెందుకు? ఏ మార్పు చేసే ముందైనా టైమ్‌షిఫ్ట్ అనే టూల్లో స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి కాపీ) తీయండి, చెడితే వెనక్కి వస్తుంది. అది సిస్టమ్‌కి మాత్రమే, కస్టమర్ల ఫైళ్లు విడిగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

మీ ప్రింటర్ మోడల్ ఏంటో రాయండి, పనిచేస్తుందో లేదో చూసి చెప్తా.