రాని జీతాన్ని నమ్ముకుని అప్పు తేవద్దు

ప్రశ్న: పలాసలో ఒక చిన్న జీడిపప్పు పరిశ్రమలో గుమస్తాను. జీతం నెలకు రూ.18,000. నాలుగు నెలలుగా అందలేదు. ‘సరుకు అమ్ముడుపోగానే అంతా కలిపి ఇచ్చేస్తా’ అంటున్నారు మా యజమాని. ఇంటి ఖర్చు నెలకు రూ.14,000. నగలు తాకట్టు పెట్టడం ఇష్టం లేక, తెలిసినవాళ్ల దగ్గర వందకు ఐదు రూపాయల వడ్డీకి ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకం చేసి రూ.50,000 తెచ్చాను. ఏడాదిగా నెలకు రూ.3,000 చీటీ ఆపకుండా కడుతున్నాను. ఇప్పుడు మా ఆవిడ డ్వాక్రా సంఘంలో లక్ష తీసుకుని మరో రెండు నెలలు చూడమంటారా? ఫిర్యాదు చేస్తే అసలుకే మోసం వస్తుందేమోనని భయం.
- ఒక పాఠకుడు, పలాస

జవాబు: డ్వాక్రా అప్పు వద్దు. వడ్డీ తక్కువే కావచ్చు, కానీ దాని కిస్తీ ఏ డబ్బుతో కడతారు? మీరు కట్టలేకపోతే ఆ ఒత్తిడి సంఘంలోని మిగతా ఆడవాళ్ల మీద పడుతుంది. మీ ఆవిడ వాళ్ల ముఖం చూడలేని పరిస్థితి తెచ్చుకోకండి.

మీలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అన్నింటిలోనూ తప్పు ఒకటే. ‘ఇస్తాను’ అన్న మాటను చేతిలో ఉన్న డబ్బు కింద లెక్కవేసి, దాని మీద అప్పు తెస్తారు. వందకు ఐదు రూపాయలంటే ఏడాదికి 60 శాతం. నెలకు రూ.2,500 వడ్డీకే పోతోంది. యజమాని రేపు బకాయి మొత్తం ఇచ్చినా ఈ వడ్డీ ఇవ్వరు కదా! నగలు బీరువాలో పెట్టుకుని ఈ అప్పు తేవడం పరువు కాదండీ, నష్టం. వాటిని బ్యాంకులో పెట్టి ఆ అప్పు వెంటనే తీర్చేయండి. ఏడాదికి 12 శాతం అనుకున్నా నెలకు రూ.500తో సరిపోతుంది.

అసలు ఈ అప్పు అవసరం ఎందుకొచ్చిందో చూడండి. మీరు దుబారా మనిషి కాదు. చీటీలో ఇప్పటికే రూ.36,000 కట్టారు. అదే డబ్బు బ్యాంకు ఖాతాలో ఉండి ఉంటే రెండున్నర నెలలు ఎవరి గుమ్మమూ ఎక్కనవసరం లేకపోయేది. చీటీ పొదుపే, కాదనను. కానీ కావాలన్న రోజున తీసుకోవాలంటే వేలంలో కొంత వదులుకుని పాడాలి, నష్టపోవాలి. అత్యవసర నిధి అంటే అడిగిన రోజే చేతికి రావాలి. చిన్న పరిశ్రమలో పనిచేసేవాళ్లకు మూడు నెలల ఖర్చు చాలదు, ఆరు నెలలది ఉండాలి. మీకైతే రూ.84,000. పెద్ద మొత్తమని భయపడకండి. మొదటి గురి ఒక నెల ఖర్చు, రూ.14,000. బకాయి రూ.72,000 వచ్చాక రూ.50,000తో నగలు విడిపించుకోండి. మిగిలింది ఈ నిధిలోనే పడాలి. పండగ బట్టలకు కాదు, బండికి కాదు. చీటీ పూర్తయ్యాక కొత్తది వేయకుండా ఆ రూ.3,000 కూడా నెలనెలా ఇందులోకే మళ్లించండి. ఈ నిధి ఉంటే జీతం ఆగిన మొదటి నెలలోనే యజమానిని గట్టిగా అడగగలిగేవారు. లేకపోబట్టే నాలుగు నెలలు మొహమాటపడ్డారు.

ఇక బకాయి సంగతి. మరో రెండు నెలలు ఊరికే చూడకండి. ముందు నెలల వారీగా ఎంత రావాలో రాసి, యజమానికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. ఆయన నిజంగానే ఇబ్బందిలో ఉంటే వాయిదాలకు ఒప్పుకోవచ్చు. కానీ బాకీ ఎంతో, ఏ తేదీకి ఎంత ఇస్తారో రాయించి సంతకం తీసుకోండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి దగ్గర ఫిర్యాదు ఇవ్వండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ (జీతాల చట్టం) ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు అందాలి. క్లెయిముకు మూడేళ్ల గడువుంది. జీతం ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే, మీరు కాదు. అధికారి ఆదేశించినా ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా వసూలు చేయించే వీలుంది. పరిహారం బకాయికి పది రెట్ల వరకు వేయవచ్చు, కానీ అది వస్తుందని లెక్కల్లో కలుపుకోకండి. మళ్లీ అదే తప్పవుతుంది. పప్పు ఒలిచే ఆడవాళ్లకూ కూలి ఆగి ఉంటే అందరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టవచ్చు. అప్పుడు మీరు ఒంటరి కారు. పాత జీతం జమైన బ్యాంకు పాస్‌బుక్, హాజరు పుస్తకం ఫొటోలు, వాట్సాప్ మెసేజీలు జాగ్రత్త చేయండి. వకీలు ఖర్చు భయముంటే 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయసహాయం అడగండి.

వేరే పని ఇప్పటి నుంచే వెతకండి. మానేస్తే రావాల్సింది రెండు పని దినాల్లో ఇవ్వాలని కూడా అదే కోడ్ చెబుతోంది. పీఎఫ్ ఉంటే ఆ నెలలది జమైందో లేదో చూసుకోండి.

అప్పు తీర్చేటప్పుడు మీరు సంతకం చేసిన ఆ ఖాళీ నోటు తప్పకుండా వెనక్కి తీసుకోండి. ఒకేసారి తీర్చలేకపోతే నోటులో మొత్తం, తేదీ నింపించి, కట్టిన ప్రతిసారీ దాని వెనక జమ రాయించి ఫొటో తీసుకోండి.