కారు ఓనర్ ఇస్తానన్న డబ్బు తీసుకుని రాజీ పడాలా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ నాన్నగారి కాలు విరిగి మూడు వారాలైంది, కారు ఓనర్ లక్షన్నర ఇస్తాను కేసు వద్దంటున్నాడు, తీసుకోవాలా కోర్టుకెళ్లాలా అని అడిగావు తమ్ముడూ. ఇప్పుడైతే ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకు. రాజీ తప్పని కాదు, మేమూ చివరికి రాజీయే పడ్డాం. కాకపోతే రెండేళ్లు ఆగి పడ్డాం.

మా ఆయన ఏసీ మెకానిక్. 2022 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్ దగ్గర స్కూటీ మీద యూటర్న్ తీసుకుంటుంటే కారు గుద్దింది. మోకాలి కింద ఎముక విరిగింది, రాడ్ వేశారు. నాలుగో రోజు కారు ఓనర్ వార్డుకే వచ్చాడు. చేతిలో యాపిల్ పళ్ల కవరు, అరవై వేలు, ముందే టైపు చేయించిన కాగితం. "ఇకపై ఎలాంటి నష్టపరిహారం కోరబోము" అన్న లైను ఇప్పటికీ కళ్లముందే ఉంది. బిల్లు అప్పటికే లక్ష దాటింది, నేను పెన్ను తీసుకున్నాను కూడా. పక్క బెడ్ పేషెంటు వాళ్లావిడ, "ఆ కాలితో నిచ్చెన ఎక్కగలడో లేదో చూసుకుని పెట్టమ్మా సంతకం" అంది. ఆగిపోయాను.

ఎనిమిది నెలలకి ఎముక అతుక్కుంది గానీ మోకాలు పూర్తిగా మడవడం లేదు. ఇప్పటికీ ఆయన నిచ్చెన మూడో మెట్టు మీద ఆగి, టూల్స్ బ్యాగు భుజం మార్చుకుని, మంచి కాలు ముందు పెట్టి ఎక్కుతారు. కింద కూర్చుని చేసే పని కుర్రాడికి అప్పజెప్తారు. మూడో వారంలో ఇదంతా ఎవరికి తెలుసు? డాక్టరుకే తెలియదు.

ఇంకోటి, కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కట్టేది కంపెనీ. ఓనర్ భయం పోలీసు కేసు గురించి. అది వేరు, మీ క్లెయిమ్ వేరు. ఖర్చులకని ఓనర్ ఏమైనా ఇస్తే రసీదులో "వైద్య ఖర్చుల నిమిత్తం" అని మాత్రమే రాయండి.

ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో, అంటే యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టులో, పిటిషన్ వేయాలి. మేము 2023 జనవరిలో సిటీ సివిల్ కోర్టులోని ట్రిబ్యునల్‌లో వేశాం. పిటిషన్ వేసినంత మాత్రాన రాజీకి దారి మూసుకుపోదు. ఎఫ్‌ఐఆర్, ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం ఆసుపత్రి రాసే గాయాల రికార్డు), డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలతో సహా బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టు.

కంపెనీ మొదట నాలుగున్నర లక్షలంది. అప్పటికి మా లెక్క మా దగ్గరుంది కాబట్టి తొణకలేదు. ఆదాయానికి సరైన రుజువు లేదు, అందుకే నెలకి 12,000 వేసుకున్నాం. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాళ్లకి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అంటే 16,800, ఏడాదికి 2,01,600. ఆయన వయసు 38, దానికి మల్టిప్లయర్ (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె) 15. మెడికల్ బోర్డు కాలికి 40 శాతం వైకల్యం రాసింది. కాలికి 40 అంటే మొత్తం శరీరానికి 40 కాదు, లాయరుగారు 20 పట్టమన్నారు. అలా 2,01,600ని 15తో హెచ్చించి, అందులో 20 శాతం తీస్తే 6,04,800. బిల్లులు లక్షా తొంభై వేలు, పని లేని ఆరు నెలలకి 72,000, నొప్పీ బాధకి కొంత, అన్నీ కలిపి తొమ్మిది లక్షల పైచిలుకు.

శాతం దగ్గర గట్టిగా నిలబడండి. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: వైకల్యం ఎంతన్నది ఒక్కటే కాదు, దానివల్ల ఆ మనిషి చేసే పనికి ఎంత నష్టమో చూడాలి. కుర్చీలో కూర్చుని చేసే పనికీ నిచ్చెన ఎక్కే పనికీ ఒకే లెక్క కుదరదు కదా.

మరి తొమ్మిది వస్తుందని తెలిసీ ఎందుకు రాజీ పడ్డామంటే, యూటర్న్ మాకు అడ్డం. తప్పులో పావు వంతు మాదే అని ట్రిబ్యునల్ అంటే అది ఏడు లక్షల దగ్గరికి దిగుతుంది. గెలిచినా కంపెనీ హైకోర్టుకి పోవచ్చు, వడ్డీ పెరుగుతుందని పిల్లల ఫీజులు ఆగవు. 2024 సెప్టెంబరు లోక్ అదాలత్‌లో 7.75 లక్షలకి ఒప్పుకున్నాం. ఆ అవార్డు, అంటే లోక్ అదాలత్ ఇచ్చే ఉత్తర్వు, కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే ఇన్సూరెన్స్‌తో మాట్లాడుకున్నా సరే, లోక్ అదాలత్‌లోనే రాయించుకోండి. లాయరు వచ్చినదాంట్లో ఇంత శాతం అంటే ఒప్పుకోకండి, బార్ కౌన్సిల్ నిబంధనలు దాన్ని అనుమతించవు. ఫీజు ముందే మాట్లాడుకోండి.

మేము చేసిన తప్పు ఒకటుంది. రాడ్ తీయించే ఆపరేషన్ ఖర్చు లెక్కలో వేయలేదు. అవార్డు అయిపోయాక మళ్లీ అడగడానికి లేదు, పోయిన వేసవిలో మా జేబులోంచే పెట్టుకున్నాం. మీ నాన్నగారికి రాడ్‌గానీ ప్లేటుగానీ వేసుంటే, అది తీయడానికి ఎంతవుతుందో సర్జన్ చేత లెటర్‌హెడ్ మీద ఇప్పుడే రాయించుకో.