స్టైల్ అప్లై చేస్తే ఇటాలిక్స్ పోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: ఇన్‌డిజైన్‌లో (పుస్తకాల పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) 200 పేజీల పుస్తకం స్టైల్స్ (ఒక పేరుతో సేవ్ చేసుకునే ఫార్మాటింగ్) లేకుండా మొత్తం చేత్తోనే ఫార్మాట్ చేశాను. ఇప్పుడు పారాగ్రాఫ్ స్టైల్ (పేరా మొత్తానికి పట్టే స్టైల్) క్లిక్ చేస్తే ఏమీ మారట్లేదు, పేరు పక్కన ప్లస్ గుర్తు వస్తోంది. ఆల్ట్ నొక్కి క్లిక్ చేస్తే ఇటాలిక్స్ అన్నీ పోతున్నాయి. మళ్లీ మొదటి నుంచి చేయాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఆ ప్లస్ గుర్తుకి అర్థం, స్టైల్ పడింది కానీ మీరు చేత్తో చేసిన మార్పులు దానిమీద ఇంకా అలాగే కూర్చుని ఉన్నాయని, వాటినే ఓవర్‌రైడ్స్ అంటారు. ఆల్ట్ క్లిక్ వాటన్నిటినీ తుడిచేస్తుంది, అందులో మీకు కావాల్సిన ఇటాలిక్ కూడా పోతుంది, ఎందుకంటే అదీ చేత్తో పెట్టిందే కదా. కానీ క్యారెక్టర్ స్టైల్‌గా, అంటే పేరాలో కొన్ని పదాలకో అక్షరాలకో మాత్రమే పట్టే స్టైల్‌గా పెట్టిన ఇటాలిక్ జోలికి మాత్రం అది వెళ్లదు. మీకు దారి దొరికేది ఇక్కడే.

ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత ఇటాలిక్ ఒక్కటే సెట్ చేసి, ఫాంట్, సైజు ఖాళీగా వదిలేసి ఒక క్యారెక్టర్ స్టైల్ చేయండి. కంట్రోల్ ఎఫ్ కొట్టి, ఫైండ్ ఫార్మాట్‌లో ఫాంట్ స్టైల్ ఇటాలిక్ అని, ఛేంజ్ ఫార్మాట్‌లో ఈ కొత్త స్టైల్ ఇచ్చి, సెర్చ్ దగ్గర డాక్యుమెంట్ పెట్టి ఛేంజ్ ఆల్ కొట్టండి. బోల్డ్‌కీ ఇంతే, కాకపోతే బాడీ టెక్స్ట్ సైజు కూడా ఇవ్వండి, లేకపోతే హెడ్డింగులకీ ఆ స్టైల్ పట్టేసి తర్వాత తలనొప్పి అవుతుంది. సూపర్‌స్క్రిప్ట్ అంకెలని (లైన్‌కి కాస్త పైన చిన్నగా ఉండే అంకెలు) చాలామంది మర్చిపోతారు, వాటికీ ఒక స్టైల్ చేయండి.

హెడ్డింగ్‌కి స్టైల్ కొత్తగా కట్టక్కర్లేదు, బాగా కుదిరిన ఒక హెడ్డింగ్‌లో కర్సర్ పెట్టి న్యూ పారాగ్రాఫ్ స్టైల్ అంటే ఆ ఫార్మాటింగ్ అంతా అదే తీసుకుంటుంది. మిగతా హెడ్డింగులని సైజుని బట్టి ఫైండ్ చేసి ఆ స్టైల్‌కి మార్చేయండి. బాడీకి కూడా ఇలాగే.

చివర్లో టెక్స్ట్‌లో కర్సర్ పెట్టి కంట్రోల్ ఏ కొట్టి, పారాగ్రాఫ్ స్టైల్స్ ప్యానెల్ కింద ఉండే క్లియర్ ఓవర్‌రైడ్స్ బటన్ నొక్కండి. ఆల్ట్‌తో పాటు షిఫ్ట్ పట్టుకుని స్టైల్ పేరు మీద మాత్రం దయచేసి క్లిక్ చేయకండి, అది క్యారెక్టర్ స్టైల్స్‌ని కూడా పీకేస్తుంది, ఇంత పనీ పోతుంది.

ఇంకా ఎక్కడైనా ప్లస్ కనిపిస్తే ఆ స్టైల్ పేరు మీద మౌస్ కాసేపు ఆపండి, ఏ మార్పు మిగిలిపోయిందో అక్కడే చూపిస్తుంది.